బియ్యం డబ్బా అడుగు కనిపించిన రోజు



2021 ఏప్రిల్ 14న ఫిలిప్పీన్స్‌లోని కెజోన్ సిటీలో, మగిన్‌హావా అనే వీధిలో, రోడ్డు వారగా ఒక వెదురు బండి వెలిసింది. అప్పటికి ఆ రాజధాని ప్రాంతమంతా కరోనా కట్టడిలో ఉంది. కూలిపనులు లేవు. చిన్న కొట్లు సరిగ్గా తెరుచుకోవడం లేదు. బండి మీద పెట్టినవి పెద్ద సరుకులేమీ కావు. కాసిని కూరగాయలు, కొంచెం బియ్యం, డబ్బాల్లో నిలవ ఉండే తిండి, మాస్కులు. పైన అట్టముక్క మీద ఒక మాట రాసి ఉంది. మీ శక్తి కొద్దీ ఇవ్వండి, మీ అవసరం కొద్దీ తీసుకోండి అని దాని అర్థం. ఆ బండి పెట్టిన అనా పాట్రీషియా నాన్‌కు అప్పుడు 26 ఏళ్ళు. ఆమె నడుపుకునే చిన్న వ్యాపారం కూడా కరోనా దెబ్బ తిన్నదే.

వారం తిరిగేసరికి అలాంటి బండ్లు ఆ దేశంలో వందల కొద్దీ లేచాయి. టార్లాక్ ప్రాంతం నుంచి రైతులు చిలగడదుంపలు పంపారు. ఎవరూ ఎవరినీ కార్డు అడగలేదు, ఆదాయ ధ్రువపత్రం అడగలేదు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు కమ్యూనిటీ ప్యాంట్రీ.

ప్యాంట్రీ అంటే వంటింటి పక్కన సరుకులు దాచుకునే గది. తెలుగు ఇళ్ళలో దాన్ని కొట్టుగది అన్నారు. వడ్లు పోసుకునే గాదె ఉండేది. ఇంకా వెనక్కి వెళితే పాతర. భూమిలో గొయ్యి తవ్వి, గోడలకు గడ్డి పరిచి, గింజలు పోసి, పైన మట్టి కప్పి, వానలు మొహం చాటేసిన ఏడాది తీసుకునేవాళ్ళు. అలాంటి కొట్టుగది ఒక ఇంటిది కాకుండా ఒక వాడది అయితే, దాని తలుపు ఆ వాడలో పొయ్యి వెలగని ఏ ఇంటికైనా తెరుచుకుంటే, అదే కమ్యూనిటీ ప్యాంట్రీ.

ఇది అన్నదానం కాదు. తెలుగు నేలకు అన్నదానం కొత్తేమీ కాదు. గోదావరి లంకల్లో, లంకల గన్నవరంలో, 1841 నుంచి 1909 వరకు జీవించిన డొక్కా సీతమ్మ గారు ఏ వేళప్పుడు వచ్చిన బాటసారికైనా విస్తరి వేశారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి ఇప్పుడు ఆమె పేరే ఉంది. కర్నూలు సీమలో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి కరువు రోజుల్లో పెట్టిన గంజి ఇప్పటికీ జనం నోట పాటల్లో ఉంది. విస్తరి ముందు కూర్చున్నవాడి ఆకలి ఆ పూటకు తీరుతుంది. ప్యాంట్రీ పని వేరు. అది వండిన అన్నం పెట్టదు. బియ్యం, పప్పు, నూనె, ఉప్పు, చింతపండు చేతికిచ్చి ఇంటికి పంపుతుంది. ఆ ఇంటి ఇల్లాలు తన పొయ్యి మీద, తన పిల్లలకు నచ్చినట్టు వండుకుంటుంది. పిల్లలకు ఆ బియ్యం ఎక్కడివో తెలియనక్కర్లేదు. ఈ చిన్న మరుగే ప్యాంట్రీకి ప్రాణం.

ఈ పద్ధతికి ఆధునిక రూపం ఇచ్చినవాడిగా పేరు పొందిన మనిషి జాన్ వాన్ హెంగెల్. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, ఫీనిక్స్ నగరం, 1967. ఆయన అక్కడ ఒక ఉచిత భోజనశాలలో స్వచ్ఛందంగా పనిచేసేవాడు. పదిమంది పిల్లల తల్లి ఒకామె అంగళ్ళ వెనక పారేసిన సరుకులు ఏరుకుని ఇల్లు నడుపుతోందని ఆయనకు తెలిసింది. డబ్బు దాచుకోవడానికి బ్యాంకు ఉన్నట్టే తిండి దాచి, కావలసినప్పుడు తీసుకునే చోటు కూడా ఉంటే బాగుండునని ఆమే అన్నదట. అక్కడి సెయింట్ మేరీస్ చర్చి ఒక పాత బేకరీ భవనాన్నీ, 3,000 డాలర్లనూ ఇచ్చింది. మొదటి ఏడాదే 2,75,000 పౌన్ల సరుకు, అంటే సుమారు 125 టన్నులు, ఆ గిడ్డంగి నుంచి పేదలకు తిండి పెట్టే సంస్థలకు వెళ్ళింది. ప్రపంచంలో మొదటి ఫుడ్ బ్యాంక్ అదేనంటారు. ఆలోచన ఒక పేద తల్లిది, అమలు చేసిన చేతులు ఆయనవి. చరిత్రలో ఆ తల్లి పేరు పెద్దగా వినిపించదు.

ఇప్పుడు అమెరికాలో ఫీడింగ్ అమెరికా అనే సంస్థ కింద సుమారు 200 ఫుడ్ బ్యాంకులు ఉన్నాయి. ఫుడ్ బ్యాంక్ అంటే పెద్ద గోడౌను. లారీల్లో సరుకు వస్తుంది, అక్కడ విడదీస్తారు. వీధిలో, చర్చిలో, బడి గదిలో జనానికి చేతికిచ్చేది ప్యాంట్రీ. మన లెక్కలో చెప్పుకోవాలంటే పౌరసరఫరాల గోడౌనుకూ చౌకడిపోకూ ఉన్న సంబంధం లాంటిది.

మామూలు రోజుల్లో ఈ గొలుసు బాగానే నడుస్తుంది. కాలం తలకిందులైనప్పుడే దాని సంగతి తేలుతుంది.

కష్టకాలంలో ప్యాంట్రీకి రెండు వైపుల నుంచీ ఒకేసారి దెబ్బ తగులుతుంది. వచ్చేవాళ్ళు పెరుగుతారు, ఇచ్చేవాళ్ళు తగ్గుతారు. నిన్నటిదాకా నెలకు బస్తా బియ్యం ఇచ్చిన చిన్న వ్యాపారి తానే అప్పుల్లో పడతాడు. నిన్నటిదాకా సరుకులు సంచుల్లో నింపడానికి వచ్చిన రిటైర్డ్ మాస్టారు జబ్బు భయంతో గడప దాటడు. అదే వారం ధరలు ఎగబాకుతాయి. ప్యాంట్రీ నడిపేవాళ్ళకు ఈ సంగతి అనుభవంలోకి వచ్చేది బస్తాలు అడుగంటిన రోజున.

2020 ఏప్రిల్ 9న టెక్సాస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలో సరిగ్గా ఇదే జరిగింది. ఊరి ఫుడ్ బ్యాంక్ ఒక సంత మైదానంలో సరుకులు పంచుతామని చెప్పింది. సుమారు 10,000 కుటుంబాలు వచ్చాయి. పైనుంచి తీసిన ఫొటోలో కనుచూపు మేర కార్లు, వరుస వెనక వరుస. కారు ఉంది, అందులో పెట్రోలు ఉంది, ఇంట్లో మాత్రం తిండి లేదు. అంతకు నెల ముందు వరకు హోటళ్ళలో, దుకాణాల్లో జీతాలు తీసుకున్నవాళ్ళే అందులో చాలామంది. పేదవాడంటే చిరిగిన చొక్కా వేసుకున్నవాడే అనుకునే ఎవరికైనా ఆ ఫొటో ఒకసారి చూపించాలి.

మళ్ళీ 2025లో. అక్టోబరు 1 నుంచి నవంబరు 12 వరకు, 43 రోజులు, అమెరికా కేంద్ర ప్రభుత్వ కార్యకలాపాలు నిధుల వివాదంతో స్తంభించాయి. స్నాప్ అనే ఆహార సహాయ పథకం మీద ఆ దేశంలో 4 కోట్ల 20 లక్షల మంది, అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు, ఆధారపడి ఉన్నారు. నవంబరు నెల సొమ్ము వేళకు రాలేదు. ప్యాంట్రీల ముందు వరుసలు ఒక్కసారిగా పెరిగాయి. జీతాలు ఆగిపోయిన ప్రభుత్వోద్యోగులు కూడా ఆ వరుసల్లో నిలబడ్డారు. అదే ఏడాది వసంతంలో ఫుడ్ బ్యాంకులకు ప్రభుత్వం నుంచి రావలసిన సరుకుల్లో కోట్లాది డాలర్ల మేర కోత పడి ఉంది. అంటే రెండు కుళాయిలూ ఒకే ఏడాది సన్నబడ్డాయి.

ఆ రోజుల్లో ఫుడ్ బ్యాంకుల పెద్దలు పదే పదే ఒక లెక్క చెప్పారు. తమ గొలుసంతా కలిసి ఒక పూట భోజనం సమకూరిస్తే, స్నాప్ పథకం తొమ్మిది పూటలు సమకూరుస్తుంది. ఆ తొమ్మిదీ ఆగితే ఈ ఒకటీ ఆ ఖాళీని పూడ్చలేదు. ప్యాంట్రీ గురించి చెప్పుకునేటప్పుడు ఈ నిజాన్ని దాచకూడదు. ప్యాంట్రీ ప్రభుత్వానికి బదులు కాదు. ప్రభుత్వం చేయవలసిన పనిని దాతల భుజాల మీదికి నెట్టడానికి దాన్ని సాకుగా వాడుకోకూడదు. చౌకడిపో బియ్యం ఆగిపోతే, ఎంత మంచి మనసులున్న వీధి అయినా రెండు వారాలకు మించి నిలబడలేదు.

మన దగ్గరా ఈ అనుభవం ఉంది. విజయవాడలో 2018 జూలైలో మొదలైన అన్న క్యాంటీన్లు 2019లో మూతబడ్డాయి. 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్నాయి. ఎవరు ఎందుకు మూశారన్నది ఈ ప్రసంగానికి సంబంధించిన సంగతి కాదు. అయిదు రూపాయలకు టిఫిను తిని పనికి పోయే అడ్డా కూలీకి ఆ మధ్యలోని అయిదేళ్ళ ఉదయాలు ఎలా గడిచాయన్నదే సంగతి. ఆకలి ఏ ఉత్తర్వు కోసమూ ఆగదు.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. హైదరాబాదులో మేస్త్రీ పనులకు, రాళ్ళ పనులకు వచ్చిన ఒడిశా, బీహార్, జార్ఖండ్ కూలీల రేషన్ కార్డులు వాళ్ళ ఊళ్ళలో ఉన్నాయి, కడుపులు ఇక్కడ ఉన్నాయి. కార్డు లేని వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. అది మంచి నిర్ణయం. అయితే బస్తీ వెనక సందులో ఎవరున్నారో ప్రభుత్వ జాబితాకు తెలియాలి కదా. అలా జాబితాకు ఎక్కని మనుషుల కోసమే ఎల్‌బీ నగర్‌లో ఒక ప్రైవేటు ఉద్యోగి తన దాచుకున్న సొమ్ము తీసి సరుకుల సంచులు కట్టడం మొదలుపెట్టాడు. వేళాపాళా లేకుండా ఇచ్చేవాడు కనుక జనం దాన్ని రైస్ ఏటీఎం అన్నారు. యంత్రమేమీ లేదు. ఒక మనిషి, కొన్ని బస్తాలు, కొద్దిపాటి సరుకులు. మాట పాకిన కొద్దీ దాతలు వచ్చారు, అంతకు మించి అవసరం ఉన్నవాళ్ళు వచ్చారు.

ఇలాంటి పని ఒకరి మంచితనంతో మొదలవుతుంది. ఒకరి మంచితనం మీదే నడిస్తే మాత్రం ఆ ఒకరు అలసిపోయిన రోజున ఆగిపోతుంది. మరి ఆగకుండా నడిచే దారి ఏది? దానికి జవాబు దూరాన లేదు. మెతుకు సీమ అని పేరున్న మెదక్ జిల్లాలో, జహీరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో ఉంది. ఆ పల్లెలు ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలోకి వచ్చాయి.

డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ 1983 నుంచి ఆ పల్లెల్లో పనిచేస్తోంది. అందులోని సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు. వాళ్ళకున్నది ఎర్ర నేల, రాళ్ళ చెలకలు, అందులో చాలా భాగం పడావు పడింది. చౌకడిపోలో కిలో రెండు రూపాయలకు బియ్యం వస్తుంటే జొన్న పండించే కష్టం ఎవరికి కావాలి? అలా జొన్నా పోయింది, పశువుల మేతా పోయింది, పొలంలో పనీ పోయింది. బయటి నుంచి బియ్యం వచ్చిన నెలలో తిన్నారు, రాని నెలలో పస్తున్నారు.

1990ల నడుమ ఆ మహిళలు ఒక లెక్క వేసుకున్నారు. ముప్ఫైకి పైగా ఊళ్ళలో పడావు భూములను మళ్ళీ దున్నడానికి ఎకరాకు ఇంతని అప్పు. దుక్కికి, ఎరువుకు, విత్తనానికి ఆ సొమ్ము. ఆ అప్పును డబ్బుగా తిరిగి కట్టనక్కర్లేదు. కొన్నేళ్ళ పాటు జొన్నలుగా కట్టాలి. ఆ జొన్నలు ఊరు దాటి పోవు. ఊళ్ళోనే, సంఘం కొట్టుగదిలో, పురుగు పట్టకుండా భద్రపరుస్తారు. కొత్త పంట చేతికి రాకముందు, గాదెలు అడుగంటే వానాకాలం నెలల్లో, ఆ ఊరి పేదలకే తక్కువ ధరకు ఇస్తారు. వచ్చిన సొమ్ము మళ్ళీ సంఘం నిధిలో పడుతుంది, మరుసటి ఏడాది పడావు భూమికి పెట్టుబడి అవుతుంది.

ఎవరికి ఎంత ఇవ్వాలి? ఈ ప్రశ్న దగ్గరే ఎన్నో ప్యాంట్రీలు తడబడతాయి. జహీరాబాదు మహిళలు దానికి అధికారిని పిలవలేదు. ఊరివాళ్ళంతా కూర్చుని, నేల మీద ఊరి పటం గీసి, ప్రతి ఇంటినీ గుర్తుపెట్టుకుని, ఏ ఇంటికి ఎంత ఇబ్బంది ఉందో అందరి ముందూ తేల్చుకున్నారు. భూమి ఉందా, మగదిక్కు ఉందా, ఇంట్లో జబ్బుమనిషి ఉన్నాడా, పిల్లలు ఎవరి దగ్గరైనా జీతానికి ఉన్నారా. అలా ఇళ్ళను అంచెలుగా విడదీసి, అన్నిటికంటే కింది అంచె ఇంటికి అన్నిటికంటే ఎక్కువ గింజలు రాశారు. ప్రభుత్వ కార్డుకు కాగితం మీది లెక్కే తెలుసు. ఊరికి మాత్రం ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో తెలుసు.

ఆ సంఘం మహిళలే 2008 అక్టోబరులో మాచ్నూరులో సంఘం రేడియోను మొదలుపెట్టారు. గింజల గురించి, విత్తనాల గురించి, వంటల గురించి తమ యాసలో తామే మాట్లాడే రేడియో అది. రేడియోలో వినిపించే ఈ ప్రసంగంలో వాళ్ళను తలచుకోకుండా ఉండటం న్యాయం కాదు. 2019లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

జహీరాబాదు సంఘాల పని సాగుతున్న కాలంలోనే తెలుగు నేల మీద ఇంకో ప్రయోగం కూడా నడిచింది. వెలుగు, ఆ తర్వాత ఇందిరా క్రాంతి పథం అనే ప్రభుత్వ పథకాల కింద ఉన్న గ్రామ సంఘాలు బియ్యాన్ని టోకున ఒకేసారి కొని, సభ్యుల ఇళ్ళకు అప్పుగా ఇచ్చేవి. విడిగా కొట్టు నుంచి కిలో రెండు కిలోలు తెచ్చుకునే ఇంటికి ఎప్పుడూ ఎక్కువ ధర పడుతుంది, తూకం తక్కువ పడుతుంది. అందరూ కలిసి లారీ లోడు కొంటే ధర దిగుతుంది, నాణ్యత చూసుకోవచ్చు. కూలి దొరికిన వారం వాయిదాలుగా కట్టుకుంటారు. అది దానం కాదు, అప్పు. ఆత్మగౌరవం చెక్కుచెదరని అప్పు.

ఈ రెండిటిలోనూ ఒక సంగతి గమనించాలి. కష్టం వచ్చాక కాకుండా, పంట చేతికొచ్చిన రోజుల్లోనే గింజ పక్కన పెట్టారు. ప్యాంట్రీ నడపాలనుకునేవాళ్ళు మొట్టమొదట నేర్చుకోవలసింది ఇదే. వరద వచ్చాక, లాక్‌డౌన్ పెట్టాక, ఫ్యాక్టరీ మూశాక తలుపు తెరిస్తే, అప్పటికి బజారులో సరుకూ ఉండదు, చేతిలో డబ్బూ ఉండదు.

కష్టం రాకముందే భయం ఏం చేస్తుందో కూడా చూశాం. 2023 జూలై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ కబురు చేరిన గంటల్లో అమెరికాలోని ఇండియన్ స్టోర్ల ముందు తెలుగువాళ్ళ వరుసలు కనిపించాయి. సోనా మసూరి బస్తాలు మూడూ నాలుగూ కార్లలో ఎక్కించుకున్నారు. కొన్ని కొట్లు మనిషికి ఒక బస్తా అని బోర్డు పెట్టాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరులో నిషేధం ఎత్తివేశారు. ఆ పద్నాలుగు నెలల్లో అక్కడ బియ్యం పూర్తిగా దొరకకుండా పోలేదు. అయినా ఆ మొదటి రెండు మూడు రోజుల్లో, డబ్బున్నవాడు నెలల బియ్యం ఇంట్లో పోసుకున్నాడు, నెలాఖరు జీతం కోసం ఎదురుచూసే విద్యార్థికి కొట్లో అర ఖాళీగా కనిపించింది. అనిశ్చిత కాలంలో కొరత కంటే ముందు భయం వస్తుంది. ఆ భయమే ఎన్నోసార్లు కొరతను తెస్తుంది.

ఆ విద్యార్థుల సంగతి ఒక్క మాట. అమెరికాలో మొదటి కాలేజీ ప్యాంట్రీని 1993లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో తెరిచారు. ఇప్పుడు వందల కాలేజీల్లో అవి ఉన్నాయి. విద్యార్థి వీసా మీద వెళ్ళినవాళ్ళకు స్నాప్ లాంటి ప్రభుత్వ సహాయం రాదు. చదువు సాగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఇంటి దగ్గర పొలం తాకట్టు పెట్టి పంపిన తండ్రికి, బియ్యం అయిపోయాయని ఫోన్లో చెప్పలేని పిల్లలు ఎందరో. నిజంగా ఇబ్బందిలో ఉన్న పిల్లవాడు క్యాంపస్ ప్యాంట్రీ తలుపు తట్టడంలో సిగ్గుపడవలసిందేమీ లేదు. ఉద్యోగం వచ్చాక అదే అరలోకి ఒక బస్తా చేర్చితే ఆ తలుపు ఇంకొకడికి తెరిచి ఉంటుంది.

ఇక ప్యాంట్రీ లోపలి పనులు. బయటివాళ్ళకు ఇవి చిన్నవిగా కనిపిస్తాయి. నడిపేవాళ్ళ నిద్ర చెడేది వీటి దగ్గరే.

బియ్యం బస్తాను నేల మీద పెట్టకూడదు. చెక్క బల్లల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చాలి. చెమ్మ తగిలితే ముక్కిపోతుంది, లక్క పురుగు పడుతుంది. ముందు వచ్చిన బస్తా ముందు పోవాలి. కొత్తది వెనక్కి, పాతది ముందుకు. ఎవరో మంచి మనసుతో పంపిన పప్పు ప్యాకెట్ల మీద తేదీ చూడాలి. గడువు దాటిన సరుకు పేదవాడికి పరవాలేదనుకోవడం పాపం. తాను తన పిల్లలకు పెట్టలేనిది ఎదుటివాళ్ళ పిల్లలకు పెట్టకూడదు. పెళ్ళి భోజనాల మిగులు లాంటివి తీసుకునేటట్టయితే మరీ జాగ్రత్త అవసరం. మిగిలిన ఆహారాన్ని సేకరించి పంచేవాళ్ళ కోసం మన దేశంలో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2019లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. అమెరికాలో 1996లో వచ్చిన చట్టం, మంచి ఉద్దేశంతో సరుకు ఇచ్చిన దాతను కోర్టు చిక్కుల నుంచి కాపాడుతుంది. అందుకే అక్కడి పెద్ద దుకాణాలు ధైర్యంగా ఇస్తాయి.

సంచిలో ఏముండాలన్నది ఇంకో చిక్కు. అందరికీ ఒకే సంచి కట్టడం నడిపేవాళ్ళకు తేలిక. కానీ బ్యాచిలర్ గదిలో ఉండే సెక్యూరిటీ గార్డుకు గ్యాసు పొయ్యి లేదు, అతనికి అయిదు కిలోల బియ్యం దేనికి? అటుకులు, బ్రెడ్డు, పుట్నాలు కావాలి. షుగరు ఉన్న ముసలమ్మకు పంచదార కిలో ఎందుకు? పసిబిడ్డ తల్లికి పాలపొడి కావాలి. ఇలాంటి ఇబ్బందుల వల్లే అమెరికాలో చాలా ప్యాంట్రీలు సంచులు కట్టడం మానేసి, అరల మీద సరుకు పెట్టి, వచ్చినవాళ్ళనే ఎంచుకోనిస్తున్నాయి. కొట్లో కొనుక్కున్నట్టే ఉంటుంది, బిల్లు మాత్రం ఉండదు. వాడని సరుకు మూలన పడి పాడవడం దీనివల్ల తగ్గుతుంది. ఎంచుకునే హక్కు కడుపు నిండినవాడికే ఉండాలని ఎవరూ రాసిపెట్టలేదు.

వరుస. ఇది ప్రాణం మీదికి తెచ్చే సంగతి. మళ్ళీ ఫిలిప్పీన్స్‌కు వద్దాం. 2021 ఏప్రిల్ 23న అక్కడ ఒక ప్రముఖ నటి తన పుట్టినరోజుకు ప్యాంట్రీ పెట్టింది. పేరున్న మనిషి కావడంతో జనం వేలల్లో వచ్చారు. ఎండలో వరుసలో నిలబడ్డ 67 ఏళ్ళ పెద్దాయన కుప్పకూలి చనిపోయాడు. ఉద్దేశం మంచిదే, ఆమె క్షమాపణ చెప్పుకుంది. కానీ ఒకే రోజు, ఒకే చోట, పెద్ద ప్రకటనతో పంచడం ఎంత ప్రమాదమో ఆ రోజు తేలింది. మన దగ్గర పండగ చీరల పంపిణీల్లో, ఉచిత సరుకుల పంపిణీల్లో తొక్కిసలాటలు ఎన్ని చూడలేదు! టోకెన్లు ముందురోజే ఇవ్వాలి. వీధికో వేళ పెట్టాలి. ముసలివాళ్ళకు ఇంటికే పంపాలి. ఫొటోల కోసం జనాన్ని ఎండలో నిలబెట్టకూడదు.

ఆ దేశంలోనే, ఆ వారాల్లోనే, ఒక ప్యాంట్రీ బండి మీదున్న సరుకంతా ఆరుగురు ఆడవాళ్ళు ఎత్తుకెళ్ళిన వీడియో దేశమంతా తిరిగింది. జనం దుమ్మెత్తిపోశారు. ఇరుగుపొరుగు ఇళ్ళకు పంచామని వాళ్ళు చెప్పుకున్నారు. ప్యాంట్రీ నడిపే ప్రతివాళ్ళకూ ఇలాంటి రోజు ఒకటి వస్తుంది. ఆ రోజున రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, తాళం వేసి, కార్డు చూపమనడం. రెండోది, తక్కువ తక్కువగా, ఎక్కువసార్లు సరుకు పెట్టడం. ఉదయం కొంత, మధ్యాహ్నం కొంత పెట్టిన అర ఒక్క చేతితో ఖాళీ కాదు.

అనుమానంతో తిండి పంచితే ఏమవుతుందో తెలుగు నేలకు తెలుసు. 1876 నుంచి 1878 వరకు సాగిన ధాత కరువులో కర్నూలు, కడప, బళ్ళారి సీమలు ఎండిపోయాయి. సహాయ శిబిరాల ఖర్చు ఎక్కువవుతోందని 1877లో రిచర్డ్ టెంపుల్ అనే దొర కూలీల బత్తెం కోసేశాడు. రోజంతా రాళ్ళు కొట్టిన మగ మనిషికి ఒక పౌను గింజలు, ఒక అణా. పౌనంటే అర కిలో కూడా కాదు. నిజంగా ఆకలి ఉన్నవాడే వస్తాడా లేదా అని పరీక్షించడానికి శిబిరాలు ఇళ్ళకు దూరంగా పెట్టారు. ఆ కరువులో చచ్చినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. అర్హత లేనివాడు ఒకడు పట్టుకుపోతాడేమోనన్న భయంతో అర్హులు పదిమందిని తలుపు దగ్గరే ఆపిన లెక్క అది. ప్యాంట్రీ తలుపు దగ్గర నిలబడే ఎవరైనా ఈ చరిత్రను మరచిపోకూడదు. ఒకరిద్దరు మోసం చేస్తే పోయేది కిలో బియ్యం. నిజమైనవాళ్ళను అనుమానిస్తే వాళ్ళు మళ్ళీ రారు, పస్తుంటారు.

అలాగని లెక్క వద్దని కాదు. లెక్క అడగవలసింది తీసుకునేవాళ్ళను కాదు, నడిపేవాళ్ళను. ఏ రోజు ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది అని ఒక పుస్తకం తలుపు పక్కనే వేలాడాలి. దాత వచ్చినా, పోలీసు వచ్చినా, పత్రికవాళ్ళు వచ్చినా అదే సమాధానం. తీసుకున్నవాళ్ళ పేర్లు మాత్రం ఆ పుస్తకంలో ఉండకూడదు. అనుమానం నడిపేవాళ్ళ మీదికీ రావచ్చు. మగిన్‌హావా బండిని 2021 ఏప్రిల్ 20న ఒక రోజు ఆపేయవలసి వచ్చింది. దాని వెనక తీవ్రవాదులున్నారని కొన్ని ప్రభుత్వ విభాగాల నుంచి ఆరోపణలు రావడంతో, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళ భద్రత కోసం ఆపింది అనా పాట్రీషియా నాన్. మర్నాడు మళ్ళీ తెరిచింది. ఆకలి తీర్చే పనికి కూడా కొన్నిసార్లు ధైర్యం కావాలి. ఆ ధైర్యానికి అండ ఆ వీధివాళ్ళే.

శ్రోతలకు ఒక విన్నపం. మీ వీధిలోనో, మీ అపార్టుమెంటులోనో, మీ ఊరి గుడి, మసీదు, చర్చి ఆవరణలోనో ఇలాంటి అర ఒకటి పెట్టాలని మీకు అనిపిస్తే, పండగకో పుట్టినరోజుకో లారీ లోడు సరుకు పంచి ఊరుకోకండి. పది ఇళ్ళవాళ్ళు కూర్చుని, నెలకు ఇంటికి రెండు కిలోల బియ్యం, అర కిలో కందిపప్పు అని మాట ఇచ్చుకోండి. చేతిలో పని ఉన్న రోజుల్లోనే మొదలుపెట్టండి. రెండు నెలలకు సరిపడా నిలవ చేరేదాకా తలుపు తెరవకపోయినా పరవాలేదు. తాళంచెవి ఒక్కరి దగ్గర కాకుండా ముగ్గురి దగ్గర ఉంచండి. చౌకడిపో బియ్యం రాని ఇల్లు కనిపిస్తే మీ సంచి ఇచ్చి ఊరుకోకుండా, కార్డు కోసం వాళ్ళతో పాటు మండల కార్యాలయానికి ఒకసారి వెళ్ళండి. సరుకు ఇచ్చేటప్పుడు ఫొటో తీయకండి.